రాత్రి కోతుల జాతి తేల్చిన ఆదివారం

నేను ల్యాబుల్లో పనిచేసింది మొత్తం ముప్పై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి జన్యు విభాగంలో పదకొండు, దోహాలో ఒంటెల డిఎన్ఎ పరీక్షించే ల్యాబులో ఇరవై మూడు. మా కూతురు ఎవరికైనా నన్ను పరిచయం చేసేటప్పుడు "మా అమ్మ ఇక్కడ పాతికేళ్ళు చేసింది" అంటుంది. నాకది నచ్చదు. పనిలో ఉన్నన్నాళ్ళూ ఏ అంకెనూ గుండుగుత్తగా చెప్పలేదు, రిటైరై దోహా పక్కన ముఐథర్‌లో కూతురి ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఇప్పుడెందుకు చెప్పాలి?

ఆ ముప్పై నాలుగేళ్ళలో గెలిచానని గట్టిగా అనగలిగేది ఒక్క వారం గురించే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఉపయోగపడుతుందని దాన్ని రాస్తున్నాను. కాస్త గొప్ప చెప్పుకోవడానికి కూడా అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ముందు మా ల్యాబు సంగతి. ఈ ఒంటె పిల్ల ఫలానా మగ ఒంటెకే పుట్టిందా, అమ్మేవాడు చెబుతున్న వంశం నిజమేనా అని తేల్చడం మా రోజువారీ పని. పందేల కాలం దగ్గరపడితే యజమానులు ఒంటెకు సూది తగలనివ్వరు. అందుకని నాలుగు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి, ఆ కుదుళ్ళ నుంచి డిఎన్ఎ తీయడంలో మేము ఆరితేరాం. ఒంటె వెంట్రుకతో ఏం చేయమన్నా చేసేవాళ్ళం. కోతుల మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం సెప్టెంబరులో అధికారులు ఒక విల్లాలో కాగితాలు లేకుండా పెంచుతున్న జంతువులను పట్టుకున్నారు. వాటిలో రెండు చిన్న కోతులు, ఒక మగ, ఒక ఆడ. మా భవనం వెనక ఉన్న క్వారంటైన్ గదుల్లో పెట్టారు. చూడటానికి వెళితే చెక్కపెట్టెలో ఒకదానికొకటి అంటుకుని పడుకుని ఉన్నాయి. తలుపు చప్పుడుకు కళ్ళు తెరిచాయి. మొహంలో సగం కళ్ళే. కళ్ళపైన తెల్ల మచ్చలు, నుదుటి మీద మూడు నల్ల చారలు, మెడ కింద ఇటుక రంగు. దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే రాత్రి కోతులివి. పగలంతా నిద్ర, చీకటి పడ్డాక తిరుగుడు. జంటగానే బతుకుతాయి. ఒక్క జంట, తమ పిల్లలు, అంతే సంసారం.

చిక్కేమిటంటే, ఈ జంటను విడదీయబోతున్నారు. ఒక ప్రైవేటు జంతుశాలలో ఇదే రకం మగ కోతి చాలాకాలంగా ఒంటరిగా ఉంది. ఆడదాన్ని తమకిమ్మని వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. మగదాన్ని వేరే దేశానికి పంపేస్తారు. మరో రెండు వారాల్లో, ఒక సోమవారం, కమిటీ కూర్చుని సంతకాలు చేస్తుంది. అవి ఏ జాతివో, ఏ ప్రాంతానివో రుజువైతే మాత్రం సొంత దేశం రెండింటినీ వెనక్కి తీసుకుంటుంది. చట్టంలో ఆ ఒక్క దారే ఉంది.

రాత్రి కోతులన్నీ చూపులకు ఒకేలా ఉంటాయి. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు అన్నిటినీ కలిపి ఒకే జాతి అన్నారు. జన్యుశాస్త్రం వచ్చాక తెలిసింది, అవి ఎన్నో జాతులని, ఒక్కో జాతికి క్రోమోజోముల సంఖ్య ఒక్కో రకంగా ఉంటుందని. జాతి చూడకుండా జత కలిపితే పుట్టేది ఎటూ కాని సంతానం. జంతుశాలలో ఉన్న మగకోతిది బాగా తెలిసిన జాతి, రెండు మూడు దేశాల అడవుల్లో ఉంటుంది కాబట్టి ఏ దేశానిదో తేలదు. ఈ రెండూ ఆ జాతే అయితే మేము నోరెత్తడానికి లేదు.

పరీక్ష చేసింది మా యువ శాస్త్రవేత్త. కృష్ణా జిల్లా అమ్మాయి, పిహెచ్.డి. చేసింది, నన్ను ఆంటీ అని పిలిచేది, ల్యాబులో నాకు మా అమ్మాయి అంటే తనే. ఒంటెలకు చేసినట్టే వెంట్రుకల కుదుళ్ళతో డిఎన్ఎ తీసి, జాతిని గుర్తుపట్టే ముక్కను చదివి, ప్రపంచంలో ఇంతవరకు చదివినవాటితో పోల్చింది. ఫలితం వచ్చిన మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, దేంతోనూ కలవట్లేదు!"

"మళ్ళీ చేశావా?"

"మూడుసార్లు చేశాను. ఇది కొత్తది ఆంటీ. ఎవ్వరూ చూడని జాతి."

"గట్టిగా అరవకు. ఒంటెల వాళ్ళు బయట కూర్చున్నారు, వాళ్ళ ఒంటె గురించి అనుకుంటారు."

మా డైరెక్టరు సూడాన్ ఆయన. మంచి పొడగరి, కోపం త్వరగా వచ్చి త్వరగా పోయే మనిషి. పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే పద్ధతిలో నన్ను "యా హజ్జా" అనేవాడు. నేను హజ్‌కు వెళ్ళలేదని, శుక్రవారం చర్చికి వెళతానని రెండుసార్లు చెప్పి మూడోసారి ఊరుకున్నాను. ఆయన పెరూలో ఉన్న ఒక ప్రొఫెసర్‌ను వీడియోలో పట్టుకున్నాడు. జీవితమంతా ఈ కోతుల వెంట అడవుల్లో తిరిగిన ఆయన. మా అమ్మాయి చెప్పిందంతా ఓపికగా విని తల అడ్డంగా ఊపాడు.

"మీరు చదివింది అసలుది కాకపోవచ్చమ్మా. ఇలాంటి కొత్త జాతులు నాకు ఏటా నాలుగు వస్తాయి."

ఆయన అనుమానం న్యాయమైనదే. జాతిని గుర్తుపట్టడానికి మేము చదివే డిఎన్ఎ, కణం కేంద్రకంలోది కాదు. మైటోకాండ్రియా అనే వేరే చోట ఉండే చిన్న పోగు. ఎప్పుడో అనాది కాలంలో ఆ పోగులోంచి ఒక ముక్క, జిరాక్స్ తీసినట్టు, కేంద్రకంలోకి వెళ్ళి పడి ఉంటుంది. వాడకం లేక తప్పులు పేరుకుని ఉంటుంది. ఖర్మకాలి దాన్ని చదివామా, మామూలు కోతి కూడా కొత్త జాతిలా కనిపిస్తుంది.

"క్రోమోజోములు చూపించండి. వాటికి జిరాక్సులుండవు. మీ దగ్గరున్న జంతుశాల కోతి జాతికి యాభై నాలుగు. వీటికీ అదే వస్తే ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు," అన్నాడు ప్రొఫెసర్.

డైరెక్టరు మా అందరి వైపూ చూశాడు. "ఈ రోజుల్లో క్రోమోజోములు ఎవరు లెక్కపెడతారు?"

"నేను లెక్కపెడతాను సార్," అన్నాను.

"మీరు చివరిసారి లెక్కపెట్టిందెప్పుడు, యా హజ్జా?"

"ఇక్కడికి రాకముందు. విశాఖపట్నంలో పదకొండేళ్ళు అదే పని. పుట్టిన బిడ్డలో తేడా ఉందంటే మా దగ్గరికే పంపేవారు."

"మరిచిపోలేదు కదా?"

"మీరు నైలు ఒడ్డున పుట్టారు. ఈత మరిచిపోయారా?"

ఆయన నవ్వి, "యల్లా, కానివ్వండి," అన్నాడు. పని నా నెత్తిన పడింది.

క్రోమోజోములు చూడాలంటే బతికున్న కణాలు కావాలి, వెంట్రుక చాలదు. పశువుల డాక్టరు ఒక్కో కోతి నుంచి చెంచాడు కూడా కాని రక్తం తీసిచ్చి, "మళ్ళీ అడగొద్దు. కిలో బరువు కూడా లేవు ఇవి," అన్నాడు. ఆదివారం ఆ రక్తంలోని తెల్లకణాలను పెంచడానికి పెట్టాం. తోడుగా ఒంటె రక్తం కూడా పెట్టాను. తెలిసిన దాన్ని పక్కన పెట్టుకోకుండా తెలియని దాని జోలికి పోకూడదని మా పాత ల్యాబులో నేర్పారు. బుధవారానికి కణాలు బాగా పెరిగాయి. విభజన మధ్యలో వాటిని ఆపి, ఉబ్బించి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో గట్టిపరిచాను. అంతవరకు నా చేతులకు అన్నీ గుర్తున్నాయి.

ఆపైన మిగిలేది ఒకే పని. ఆ ద్రవాన్ని చుక్కగా గాజు స్లైడు మీద భుజం ఎత్తు నుంచి వదలాలి. చుక్క గాజుకు తగిలి పరుచుకుంటూ ఆరుతుంది. ఆరుతున్నప్పుడు కణం చదునుగా విచ్చుకుని, లోపలి క్రోమోజోములు ముగ్గు చుక్కల్లా విడివిడిగా పడతాయి. విశాఖపట్నంలో కబుర్లు చెప్పుకుంటూ వేసేదాన్ని ఆ చుక్కలు.

దోహాలో వేసి మైక్రోస్కోపులో చూస్తే ముద్ద. ఇంకో స్లైడు చూశాను, అదీ ముద్దే. క్రోమోజోములన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎన్నున్నాయో దేవుడు కూడా చెప్పలేడు. స్లైడును చల్లబరిచాను, వేడిచేశాను. ఎత్తు పెంచాను, తగ్గించాను. పాత అలవాటు ప్రకారం స్లైడు మీద నోటితో ఊదాను. గురువారం సాయంత్రానికి గొట్టాల్లో ద్రవం అడుగంటింది. ఒంటె కణాలు కూడా ముద్దలుగానే వచ్చాయి కాబట్టి లోపం కోతుల్లో లేదు, నాలోనే ఉంది.

డైరెక్టరు వచ్చి మైక్రోస్కోపులోకి తొంగి చూశాడు. "యా హజ్జా, ఇది మెతుకులు అతుక్కున్న బిర్యానీ. ఇక ఖలాస్. సోమవారం మనకు చెప్పడానికి ఏమీ లేదని రాసేస్తాను."

ఆయన వెళ్ళాక మా అమ్మాయి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతులో మాత్రం కోపమే.

"ఆపేయండి ఆంటీ. చేతకాని పని ఎందుకు ఒప్పుకున్నారు? ఇప్పుడు నా రిజల్టు కూడా తప్పనుకుంటారు."

"తప్పో ఒప్పో తేలలేదు కదా."

"తేల్చడానికి ఏం మిగిలింది? ఆరు చుక్కలా?"

"ఏడు," అన్నాను.

"మీకిప్పుడు కూడా లెక్కలేనా!" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మాటకు నొచ్చుకున్నానని అబద్ధం చెప్పను. ఏడు చుక్కలున్న మాట నిజం. గొట్టాలను ఫ్రీజర్లో పెట్టి తాళం వేశాను. వెళ్ళేముందు క్వారంటైన్ గది కిటికీలోంచి చూశాను. అవి అప్పుడే లేచాయి. ఆడది అరటిపండు ముక్క తీసుకుని పెట్టె పైకెక్కింది. మగది తన ముక్క వదిలేసి ఆమె వెనకే ఎక్కి, పక్కన కూర్చున్నాకే తినడం మొదలుపెట్టింది.

మరునాడు శుక్రవారం. ఇక్కడ సెలవు అదే కాబట్టి మా తెలుగు ఆరాధన కూడా ఆ రోజే. హాల్లో ఏసీ ఎంత పెంచారంటే శాలువా కప్పుకుని కూర్చున్నాను. ప్రార్థన అయ్యి తలుపు తీసుకుని బయటికి అడుగుపెట్టగానే కళ్ళద్దాలు తెల్లగా కమ్ముకుపోయాయి. సెప్టెంబరులో ఇక్కడి గాలి తడిగుడ్డలా మొహానికి తగులుతుంది. నా ముందు నడుస్తున్న పాస్టరుగారి దగ్గర్నుంచి అందరూ మెట్ల మీద ఆగి అద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ దృశ్యం ఏడాదికి నాలుగు నెలలు చూసేదే. కాని ఆ రోజు నా చేయి కొంగు మీదే ఆగిపోయింది.

విశాఖపట్నంలో మా ల్యాబుకు ఏసీ లేదు. కిటికీలు బార్లా తెరిచి ఉండేవి, అవతల సముద్రం. గోడలకు చెమ్మ, కాగితాలకు చెమ్మ, స్లైడుకు కూడా ఎప్పుడూ ఒక పలుచని చెమ్మ పొర. చుక్క నెమ్మదిగా ఆరేది, కణానికి విచ్చుకునే వ్యవధి దొరికేది. పదకొండేళ్ళు నేను నా చేతివాటం అనుకున్నది సగం సముద్రం పనే! ఇక్కడి ల్యాబులో గాలి ఎండిన అప్పడంలా ఉంటుంది. చుక్క పడీపడగానే ఆరిపోతోంది, కణం మూసుకునే ఉంటోంది.

మెట్ల మీదే నిలబడి మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"గాలిలో తడి లేదు, అందుకే రావట్లేదు," అన్నాను.

"ఏసీ ఆపించలేమా?" అంది.

"భవనమంతటికీ ఒకే ఏసీ. ఆపితే ఫ్రీజర్ల గదులు వేడెక్కుతాయి. ఒప్పుకోరు."

"పోనీ బయట వేద్దామా?"

"ఇసక పడుతుంది. ఒక్క రేణువు చాలు."

"అయితే ఏసీ లేని గది కావాలి, తలుపుండాలి, ఆవిరి పుట్టాలి." అని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఆంటీ... టీ గది?"

ఆ మాట మొదట అన్నది తనే. నేను ఎక్కడ చెప్పినా ఈ సంగతి వదలను.

మా అంతస్తు చివర చిన్న టీ గది ఉండేది. దాన్ని చూసుకునే ఆయన జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు, భవనం మొత్తానికి పొద్దున్నించి సాయంత్రం దాకా చిక్కటి పాలతో కరక్ చాయ్ కాచి పోసేవాడు. ఆదివారం పొద్దున మేమిద్దరం గొట్టాలు, స్లైడ్లు పట్టుకుని వెళ్ళి గది ఇమ్మంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గిదేం కత అమ్మా? నా కిచెన్ల మందులు వోస్తరా? సార్లు చూస్తే నన్ను ఇంటికి తోలిస్తరు."

"చాయ్ సామానంతా బయటపెట్టిద్దాం తమ్ముడూ. అయిపోయాక నేనే స్వయంగా కడిగి ఇస్తాను."

"మరి చాయ్?"

"ఒక్క పూట ఉండదు."

"ఒక్క పూట చాయ్ లేకుంటే ఈ బిల్డింగుల యుద్ధమైతది. అసలు గా కోతులకేమైంది?"

విడదీస్తారని చెప్పాను. ఆయన భార్య ఊళ్ళో, తను ఇక్కడ, పద్నాలుగేళ్ళుగా అదే బతుకు. కప్పులు ఒక్కొక్కటిగా ట్రేలో సర్దడం మొదలుపెట్టాడు. సర్దుతూ, "ఇంటికాడ మా అమ్మకు చెప్తే నవ్వుతది. దుబాయ్ వోయి కోతులకు ఆవిరి వెడుతున్నవారా అంటది," అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే.

తినే వస్తువులన్నీ బయటికి చేరాయి. నీళ్ళ బాయిలరు మూత తీసి మరిగించాం. గది ఆవిరితో నిండాక బాయిలరు ప్లగ్గు పీకించాను. మిథనాల్ ఇట్టే అంటుకుంటుంది, దాని దగ్గర వేడి కుదరదు. నమూనాల గదిలోంచి తేమ కొలిచే మీటరు తెచ్చి గోడకు తగిలించాను. మా అమ్మాయి నా మొహం చూసి, "ఆవిరి ఉంటే చాలదా?" అంది. చాలదు. తేమ తక్కువైతే ముద్ద, మరీ ఎక్కువైతే కణం బద్దలై క్రోమోజోములు ఎటో కొట్టుకుపోతాయి. అప్పుడు లెక్క తగ్గి వస్తుంది. లెక్క రాకపోవడం కన్నా తప్పు లెక్క రావడం ఘోరం.

ముందు ఒంటె చుక్క. తను పరిగెత్తి మైక్రోస్కోపులో చూసొచ్చింది. "చెల్లాచెదురైపోయాయి ఆంటీ!" ముద్ద కానందుకు ఇద్దరం చేతులు పట్టుకున్నాం. తలుపు ఓరగా తీసి, మీటరు ముల్లు కొంచెం దిగేదాకా ఆగాం. మళ్ళీ ఒంటె చుక్క. ఈసారి తను పరిగెత్తి రాలేదు, నెమ్మదిగా నడిచి వచ్చింది. నవ్వుతున్న మొహం చూడగానే అర్థమైంది, తేమ సరిగ్గా కుదిరింది.

సరిగ్గా అప్పుడు తలుపు మీద దబదబా కొట్టారు.

"నా చాయ్ ఎక్కడ?" డైరెక్టరు గొంతు.

టీ ఆయన నా వెనక్కి జరిగాడు. నేను తలుపు తీయలేదు. "తెరవకండి సార్! తేమ పోతుంది."

"ఏం పోతుంది?"

"తేమ! కోతుల చుక్కలు వేస్తున్నాను!"

"టీ గదిలోనా? యా హజ్జా, రూల్స్ అని ఒకటి ఉంది తెలుసా?"

"ఆ రూల్స్ టైపు చేసింది నేనే సార్. పది నిమిషాలు!"

ఆయన అవతల ఎవరితోనో, "మాఫీ చాయ్, చాయ్ లేదు, వెళ్ళండి, ఈ పూట మాఫీ," అనడం వినిపించింది. అంత పెద్ద మనిషి తలుపుకు కాపలా నిలబడ్డాడు.

కోతుల చుక్కలు ఏడు. నాలుగు ఆడదానివి, మూడు మగదానివి. భుజం ఎత్తు నుంచి ఒక్కో చుక్క వదులుతుంటే గాజు మీద అది గుండ్రంగా పరుచుకుని, అంచుల దగ్గర ఇంద్రధనుస్సులా రంగులు తిరిగి, నింపాదిగా ఆరింది. ఆ నింపాదితనం చూసి ఎన్నేళ్ళయిందో!

రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గులాబీ రంగు నేల మీద ఊదా రంగు కడ్డీలు, ఒక్కటి ఇంకోదాన్ని తాకకుండా. ఫోటోలు తీసి, నేను ఒక తెర మీద, తను ఒక తెర మీద, విడివిడిగా లెక్కపెట్టాం. ఇద్దరిదీ అయ్యేదాకా ఎవరూ అంకె పైకి అనకూడదని ముందే చెప్పాను. డైరెక్టరు మా వెనక నిలబడి తనూ వేలితో గాలిలో లెక్కపెడుతున్నాడు.

"చెప్పు," అన్నాను.

"యాభై రెండు."

"నాకూ యాభై రెండే."

"నాకు యాభై ఒకటి," అన్నాడు డైరెక్టరు.

"మూలన చిన్నది వదిలేశారు సార్."

ఆయన వంగి చూసి, "అవును, అది దుమ్మనుకున్నాను," అని ఒప్పుకున్నాడు. మిగిలిన కణాలన్నీ సాయంత్రం దాకా కూర్చుని లెక్కపెట్టాం. ఆడదానికీ మగదానికీ అదే సంఖ్య. యాభై నాలుగు ఒక్కచోట కూడా రాలేదు.

సోమవారం కమిటీ గదిలో పెద్ద తెర మీద ప్రొఫెసర్, బల్లకు అటువైపు జంతుశాల ప్రతినిధి, ఇటువైపు మేము. మా అమ్మాయి ఫోటో చూపించి ఏమీ చెప్పకుండా ఊరుకుంది. అలా ఊరుకోమని నేనే అన్నాను. ప్రొఫెసర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వచ్చి పెన్సిలుతో లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత లేచి తెర మీద లేకుండా పోయాడు. ఖాళీ కుర్చీ కనిపిస్తోంది. లైను తెగిందేమోనని కమిటీ అధ్యక్షుడు రిమోటు వెతుక్కున్నాడు.

ప్రొఫెసర్ చెక్క సొరుగు ఒకటి మోసుకొచ్చి కెమెరా ముందు పెట్టాడు. అందులో దూది కూరిన మూడు పాత కోతి చర్మాలు.

"ఇక్కడ పెరూలో రెండు నదుల మధ్య ఉన్న అడవిలో నా గురువు సేకరించినవి. మామూలు జాతి అని చీటీ రాసి ఉంది. ఆ మెడ రంగు చూసినప్పుడల్లా నాకు అనుమానమే. అక్కడి నుంచి బతికున్న కణం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఇలా మెడ ఎర్రగా ఉండే రాత్రి కోతుల్లో యాభై రెండు నేనెప్పుడూ చూడలేదు." ఆయన సొరుగు పక్కకు జరిపి మా అమ్మాయి వైపు చూశాడు. "అమ్మా, నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు. వీటి నుంచి ముక్క కత్తిరించి ఈ రోజే డిఎన్ఎ తీయిస్తాను. నువ్వు చదివినదానితో కలుస్తుందని పందెం కాస్తాను."

జంతుశాల ప్రతినిధి గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆడకోతి మాకు రాదా?"

"మాఫీ," అన్నాడు మా డైరెక్టరు. "ఖలాస్."

విడదీసే కాగితం ఆ రోజు సంతకం కాలేదు. ఆ పాత చర్మాల డిఎన్ఎ మా అమ్మాయి చదివినదానితో కలిసింది. జిరాక్సు కాదు, అసలుదే. పెరూ వాళ్ళు రెండింటినీ తీసుకుంటామని రాశారు.

పిల్లలూ, అంతటితో కొత్త జాతి పుట్టేయదు. ఆ తర్వాత కేంద్రకంలోని జన్యువులు చదవాలి, పుర్రెలు కొలవాలి, అరిచే అరుపులు పోల్చాలి, వాదించేవాళ్ళతో వాదించాలి. అదంతా మా అమ్మాయీ ప్రొఫెసరూ కలిసి చేశారు. వాళ్ళ వ్యాసంలో స్లైడ్లు "తేమ నియంత్రిత గదిలో" తయారుచేసినట్టు డైరెక్టరు రాయించాడు. టీ ఆయనకు అది చదివి వినిపిస్తే, "నా కిచెన్‌కు మస్తు పేరు వెట్టిండ్రు," అని మురిసిపోయాడు. మీకు నేను చెప్పదలచింది ఒకటే. ఇన్నాళ్ళూ సాఫీగా జరిగిపోయిన పని ఒకరోజు మొరాయిస్తే, చేతిని తిట్టుకునే ముందు గది మారిందేమో చూడండి.

నవంబరు ఆఖరులో వాటిని విమానం ఎక్కించాం. కార్గో కౌంటరు దగ్గర గుమాస్తా పెట్టెను, కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. జాతి పేరు ఉండాల్సిన చోట "ఇంకా పేరు పెట్టలేదు" అని ఉంది.

"పేరు లేకుండా ఎలా మేడమ్? కంప్యూటరు తీసుకోదు."

"తీసుకునేలా చేయండి," అన్నాడు డైరెక్టరు. "పేరు కోసం వాటిని ఆపలేం. ఇప్పటికే చాలా ఆలస్యమైంది."

గుమాస్తా ఏవో నొక్కి, నొక్కి, చివరికి ఎలాగో ఎక్కించాడు. ప్రాణుల సంఖ్య అడిగాడు. పెట్టె గాలి కన్నాల్లోంచి నేను మళ్ళీ ఒకసారి చూసి, రెండు అని చెప్పి, రెండు అని రాసి, కింద సంతకం చేశాను.

ఫిబ్రవరి చివర్లో ప్రొఫెసర్ ఫోటో పంపాడు. అడవి అంచున వలవేసిన పెద్ద ఆవరణ, కొమ్మ మీద ఆడది, పక్కన మగది. మగదాని వీపు మీద బొటనవేలంత మొహం, అందులో సగం కళ్ళే. ఈ కోతుల్లో పిల్లను మోసేది తండ్రే. పుట్టిన తేదీ అడిగి తెలుసుకుని వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను. వీటి గర్భం సుమారు నాలుగున్నర నెలలు. అంటే ఆ సోమవారం కమిటీ ముగిసిన మూడో వారంలో, మా భవనం వెనక గదిలో, పశువుల డాక్టరుకు గాని నాకు గాని తెలియకుండా జరిగిన సంగతి.

ముప్పై నాలుగేళ్ళలో తప్పు లెక్క మీద నేను సంతకం పెట్టింది ఆ ఒక్కసారే. కార్గో వాళ్ళకు ఫోన్ చేసి సరిదిద్దించాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఊరుకున్నాను. విమానం ఎక్కినవి మూడు.